పీలికలమ్మ పెట్టని గాటు

మా తోటికోడలికి అంకెలు రావు. నేను మూడో తరగతి దాకా చదివాను కాబట్టి మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ అనుమానం ఉండదు.

ఆమెది కుట్టుపని. వీధి గదిలో కుట్టుమిషను, దాని పక్కన కత్తిరింపుల బల్ల, కిటికీ కింద నా స్టూలు. ఆమె కత్తిరిస్తుంది, కుడుతుంది. నేను కాజాలు తీస్తాను, హుక్కులు కుడతాను, వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. ఈ మూడో పని లేకపోతే మిగతావేవీ సాగవని నా అభిప్రాయం. ఆమె నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి, అందుకే మాట్లాడదని కొందరంటారు. సూదులు లేనప్పుడు కూడా నేను చూశాను. తేడా ఏమీ లేదు. మా మొగుళ్ళు, ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయాక, ఆ మాట్లాడని మనిషితోనే నేను పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నాను.

అంకెలు రాని మనిషి కొలతలు ఎలా తీస్తుందని అందరూ అడుగుతారు. ఆమె ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకూ అదే వింత. మెడలో టేపు ఉంటుంది గానీ అది చూసేవాళ్ళ కోసం. అసలు కొలత పీలికతో. గుడ్డకి అంచు ఉంటుంది చూశారూ, నేతలో గట్టిగా వచ్చే సన్నని పట్టీ, దాన్ని కోసి చుట్ట చుట్టి దాచుకుంటుంది. మనిషికొక పీలిక. ఛాతీ చుట్టూ తిప్పి, కొస తగిలిన చోట కత్తెరతో చిన్న గాటు పెడుతుంది. నడుముకి ఒక గాటు, మెడకి ఒకటి, మణికట్టుకి ఒకటి.

"ఏదో ఒక గుడ్డముక్క తీసుకోవచ్చు కదే, అంచే ఎందుకు?" అని అప్పట్లో అడిగాను.

"గుడ్డ సాగుతుంది. అంచు సాగదు" అంది. ఆ రోజుకి ఆమె మాటల కోటా అయిపోయింది.

గోడకు వరసగా మేకులున్నాయి. మేకుకొక పీలిక. మా వీధి ఆడవాళ్ళలో సగం మంది మా గోడకే వేలాడుతుంటారు. ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కిపోయారో మా గోడకు తెలుసు. నేను మాత్రం ఎవరి గుట్టూ బయటపెట్టను, ఎవరైనా అడిగితే తప్ప. ఆ పీలికల వల్లే ఆమెకు పీలికలమ్మ అనే పేరు నిలిచిపోయింది. అసలు పేరు రేషను కార్డులో ఉంది, అక్కడే ఉండనివ్వండి.

ఏడో నంబరు బస్సులో ఒక కండక్టరమ్మాయి ఉంది. తొలి చూలు. ఆరో నెలలో నీలం యూనిఫాం చొక్కా కుట్టించుకోవడానికి మొదటిసారి మా గడప తొక్కింది. పెరిగే ఒంటికి కుట్టడంలో మా తోటికోడలిది ఒక పద్ధతి. పక్క కుట్ల లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలేస్తుంది. రెండు వారాలకోసారి వస్తే ఒక కుట్టు విప్పి, పక్కన ఇంకోటి వేసి లూజు చేస్తుంది. అలా కాన్పు దాకా ఒకే చొక్కా లాగుతుంది. వచ్చినప్పుడల్లా పొట్ట చుట్టూ పీలిక తిప్పి కొత్త గాటు పెడుతుంది.

ఆ అమ్మాయికి ఆదివారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం వచ్చేది, టీ తాగేది, నేను అడిగినవాటికి జవాబులు చెప్పేది. అందుకని నాకు ఇష్టం. బస్సు కుదుపుకి బిడ్డ కదులుతుందా, ఆగినప్పుడు కదులుతుందా అని అడిగాను. "ఆగితేనే పెద్దమ్మా. బస్సు కదిలితే నిద్రపోతుంది. వాళ్ళ నాన్న పోలిక" అంది.

ఎనిమిదో నెల పడ్డాక ఒక ఆదివారం వచ్చింది. వస్తూనే చేతులు చాచి చూపించింది.

"పట్టీల బొత్తాలు పట్టడం లేదు చిన్నమ్మా. టిక్కెట్లు ఇస్తుంటే మణికట్టు కోసుకుపోతోంది. మెడ దగ్గర కూడా బిగుతు."

"బొత్తాలు తెగేంతగా ఏం తింటున్నావే?" అన్నాను.

"మా అత్తగారు పెట్టిందే పెద్దమ్మా. వద్దంటే అలుగుతుంది. తింటే, ఒళ్ళు చేశావంటుంది."

"మంచి అత్తే. కత్తెరకున్నట్టు రెండు వైపులా పదును."

"పొట్ట దగ్గర మాత్రం విప్పక్కర్లేదు. పోయినసారి చేసింది చక్కగా సరిపోతోంది."

"నీ బిడ్డ పెరిగేది బస్సులో కదా. ఉన్న చోట్లోనే సర్దుకోవడం నేర్చుకుంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. మొహం గుండ్రంగా నిండింది, కంటి రెప్పలు ఉబ్బి ఉన్నాయి. "కళ వచ్చిందే నీకు" అని కూడా అన్నాను. అన్నది నేనే కాబట్టి దాచను.

మా తోటికోడలు ఎప్పటిలాగే అన్నీ కొలిచింది. మణికట్టు దగ్గర కొత్త గాటు పెట్టింది. పొట్ట చుట్టూ పీలిక తిప్పి, కత్తెర ఎత్తి, దించేసింది. నేను చూశాను గానీ పట్టించుకోలేదు. తర్వాత బొత్తాలు జరిపి, మెడపట్టీకి ముక్క అతికి, అరగంటలో చొక్కా చేతికిచ్చింది. ఆ అమ్మాయి అక్కడికక్కడే తొడుక్కుని చేతులు పైకీ కిందికీ ఆడించింది. "ప్రాణం లేచొచ్చింది" అంటూ వెళ్ళిపోయింది.

టీ గ్లాసులు కడిగి వచ్చేసరికి మా తోటికోడలు గోడ దగ్గరే ఉంది. ఆ అమ్మాయి పీలికను రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

"ఏమిటే, తినేస్తావా దాన్ని?"

పీలికను బల్ల మీద పరిచింది. వేలితో చూపించింది. పొట్టకు పెట్టిన గాట్లు నాలుగు. గాటుకీ గాటుకీ మధ్య బొటనవేలంత ఎడం.

"ఇవాళ్టిది ఏదీ?" అన్నాను.

"లేదు."

"మర్చిపోయావా?"

"లేదక్కా. కొస పోయినసారి గాటు మీదే పడింది. ఒక వెంట్రుకవాసి ఇవతలే ఉందేమో కూడా."

కుట్టుపని చేసేవాళ్ళకు ఒక గుణం ఉంటుంది. ఏదైనా పట్టకపోతే ముందు గుడ్డను తిడతాం. ఉతికితే కుంచించుకుపోయిందంటాం. గుడ్డ బాగుంటే దారాన్ని, దారం బాగుంటే మిషనుని. లోపలున్న మనిషిని అనుమానించడం మాకు రాదు. నేనూ అదే మొదలుపెట్టాను. పీలిక సాగిందేమోనన్నాను. ఆమె మేకు మీది నా పీలిక తీసింది. ఎనిమిదేళ్ళ కిందటిది. "మణికట్టు మాత్రమే చూడు, నడుము జోలికి పోకు" అన్నాను. మణికట్టు చుట్టూ తిప్పింది. కొస సరిగ్గా గాటు మీదే ఆగింది. అంచు సాగలేదు, ముడుచుకోలేదు.

"అయితే ఏమయినట్టు?" నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. పొట్టేమో పెరగలేదు. చెయ్యేమో రెండు వారాల్లో అరవేలు పెరిగింది. తిన్న తిండి అంతా బిడ్డకు పోకుండా చేతులకెందుకు పోయింది?

ఆమె మిషను సొరుగు లాగింది. అడుగునున్న బాబిన్లు, బొత్తాల డబ్బా తీసి, వాటి కింద నుంచి ఒక పీలిక బయటపెట్టింది. పసుపు తిరిగిపోయి ఉంది. ఈ గదిలో నాకు తెలియని వస్తువు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఎవరిదే ఇది?"

"నాదే."

దాని మీదా గాట్లున్నాయి. బొటనవేలి ఎడంలో ఒకటి, రెండు, మూడు. మూడోది మిగతావాటికన్నా వెడల్పు.

"ఇక్కడ రెండుసార్లు కత్తెర పెట్టాను. రెండు వారాల తేడాలో, ఒకే చోట" అంది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆమెకు ఎనిమిదో నెలలో కాన్పయింది, బిడ్డ ఏడవలేదు. తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. రాత అన్నారు అందరూ. ఆ నెలలో ఆమె వేలి ఉంగరం రాకపోతే సబ్బు రాసి తీసింది నేను. కాళ్ళకు ఆముదం పట్టించింది నేను. ఒంటికి నీరు పట్టడం మంచిదే, బిడ్డ బలంగా ఉన్నట్టు గుర్తు అని చెప్పిందీ నేనే. నాకెవరు చెప్పారో నాకు గుర్తు లేదు.

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"నాకు మాత్రం ఏం తెలుసక్కా? కొలత కలవలేదు, అంతే అనుకున్నా. ఇవాళ కత్తెర ఎత్తగానే చెయ్యి ఆగిపోయింది." తన పీలికను మళ్ళీ చుట్ట చుట్టింది. "మనం బొత్తాలు జరిపేశాం. బిగుతుగా ఉంటే ఆ పిల్లకి ఏదో తేడాగా ఉందని తెలిసేది. ఇప్పుడు హాయిగా ఉందనుకుంటుంది."

నేను లేచి చెప్పులు వేసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి ఆగాను.

ఆ అమ్మాయి ఇల్లెక్కడో తెలియదు. ఫోను నంబరు రాసి ఉంచుకోవాల్సిందెవరు? అంకెలు వచ్చినదాన్ని నేనే కదా. రాసుకోలేదు. తెలిసింది బస్సొక్కటే. మర్నాడు పొద్దున్నే తలుపుకు తాళం వేసి వెళ్ళి బస్టాపులో నిలబడ్డాం. మా ముందు నుంచి రెండు ఏడో నంబర్లు వెళ్ళాయి, రెండింట్లోనూ మగ కండక్టర్లే. మూడో బస్సులో ఆ అమ్మాయి ఉంది, ఎక్కాం.

"ఎక్కడికి పెద్దమ్మా, ఇద్దరూ కలిసి?" అంది టిక్కెట్ల సంచి సర్దుకుంటూ.

"నీ కోసమే. ఆసుపత్రికి పోదాం పద."

"ఎవరికి బాగోలేదు?"

"నీకు."

పకపకా నవ్వింది. "నాకేం, రాయిలా ఉన్నా. వచ్చే సోమవారం డాక్టరమ్మ రమ్మంది. వెళ్తా."

"పోయిన నెల వెళ్ళావా?"

"డ్యూటీ మారింది. కుదర్లేదు." వెనక ఎవరో పిలిస్తే అటు నడిచింది. నడక చూశాను. చెప్పుల పట్టీల మధ్య నుంచి పాదాలు పొంగుతున్నాయి.

తిరిగి వచ్చేసరికి మా తోటికోడలు సీట్లోంచి లేచి నిలబడింది. కదిలే బస్సులో, కమ్మీ పట్టుకోకుండా. నోట్లో సూదులు లేవు.

"తలనొప్పి ఉందా?" అంది.

"తలనొప్పి లేని కండక్టరు ఎక్కడైనా ఉంటాడా చిన్నమ్మా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదు రోజులు. మాత్ర వేసుకున్నా తగ్గలేదు."

"కళ్ళ ముందు మెరుపుల్లాంటివి వస్తున్నాయా?"

ఆ అమ్మాయి టిక్కెట్ చింపుతున్న చెయ్యి ఆగింది. "టిక్కెట్టు మీద అంకెలు మధ్యలో మాయమైపోతున్నాయి. ఎండ వల్లేమో అనుకున్నా" అంది. గొంతు తగ్గింది. "మీకెలా తెలుసు?"

"నాకూ వచ్చేవి" అంది మా తోటికోడలు.

ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. "మా అక్కకీ ఇలాగే వాచిందండీ. ఏం కాలేదు. ముగ్గురు పిల్లలు."

"మీ అక్క ఈ బస్సులో ఉందా? లేదు కదా. ఉన్నదాని సంగతి చూద్దాం" అన్నాను. ఆవిడ మళ్ళీ ముందుకు తిరిగింది.

"ఇప్పుడు సెలవు పెడితే కాన్పయ్యాక సెలవు మిగలదు పెద్దమ్మా. బిడ్డ కోసమని ఒక్కో రోజూ కూడబెట్టుకున్నా."

"బిడ్డ కోసం దాచుకున్న రోజు ఇవాళే వచ్చిందనుకో."

డ్రైవరు అద్దంలోంచి అంతా చూస్తున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర స్టాపు లేదు. అయినా అక్కడ బస్సు ఆపాడు. "దిగు చెల్లెమ్మా. డిపోలో నేను చెప్తా. టిక్కెట్టు లేనివాళ్ళు చివర్లో డబ్బులు నాకిచ్చి దిగండి" అన్నాడు. బస్సులో ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మామూలుగా రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరు వంశం మొత్తాన్ని తిట్టే జనం.

ఆసుపత్రిలో చీటీలు రాసే అబ్బాయి పుస్తకం తిరగేసి, "మీరు చూపించుకోవాల్సింది వచ్చే సోమవారం కదా" అన్నాడు.

"ఆ సంగతి జబ్బుకి ఎవరూ చెప్పలేదు నాయనా" అన్నాను. ఇంకా నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి గానీ అవసరం రాలేదు. మా తోటికోడలు అటుగా పోతున్న నర్సును ఆపి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, చొక్కా పట్టీ విప్పి, మణికట్టు మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. నర్సు ఆ గుంటను చూసి, మొహం చూసి, "తలనొప్పి ఉందా?" అని అడిగింది. ఉందనగానే వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకుపోయింది.

జబ్బకు పట్టీ కట్టి గాలి కొట్టారు. ఒకసారి చూసి, చెయ్యి మార్చి మళ్ళీ కొట్టారు. నూట డెబ్బై, నూట పది అని రాశారు. ఎంత ఉండాలి, గాలి కొడితే లోపలి సంగతి బయటకెలా తెలుస్తుంది, రెండో చెయ్యి ఎందుకు చూశారు అని అడిగాను. "మీరు కాస్త బయట ఉంటారా అమ్మా" అంది నర్సు. ఉండలేదు.

డాక్టరమ్మ వచ్చింది. వయసు మా కుట్టుమిషనంత కూడా ఉండదనిపించింది గానీ చేతులు పనితెలిసిన చేతులు. ఆ అమ్మాయిని పడుకోబెట్టి జేబులోంచి తీసిందేమిటనుకున్నారు? టేపు. మా తోటికోడలు మెడలో ఉండేలాంటిదే. అయితే చుట్టూ తిప్పలేదు. పొట్ట కింది ఎముక నుంచి పైకి, నిలువునా పెట్టి చూసింది.

"ముప్పై రెండు వారాలు నిండాయి. కొలత కూడా ముప్పై రెండు సెంటీమీటర్ల దగ్గర్లో ఉండాలి. ఇరవై ఎనిమిదే ఉంది" అంది. "పోయిన నెల చూపించుకోలేదు కదా, ఎదుగుదల ఎప్పుడు ఆగిందో తెలియడం లేదు."

మా తోటికోడలు నడుముకు దోపుకున్న ఆ అమ్మాయి పీలిక తీసి ఇచ్చింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పాను. నాలుగు గాట్లు, రెండేసి వారాల ఎడం, నాలుగో దాని తర్వాత ఏమీ లేదని. ఆమె ఒక్కో గాటు మీదా వేలు పెట్టి తేదీ అడిగింది. మా తోటికోడలికి తేదీలు రావు గానీ ఆదివారాలు వచ్చు. నిన్నటి నుంచి వెనక్కి లెక్కపెట్టి చెప్పింది.

"చుట్టుకొలత చూసి నేను వైద్యం చెయ్యను. స్కానింగులో చూస్తాను" అంది డాక్టరమ్మ. అంటూనే కాగితం మీద రాసుకుంది.

స్కానింగు, మూత్ర పరీక్ష అయ్యాక బయటకు వచ్చి మాకు విడమరిచి చెప్పింది. బీపీ బాగా పెరిగిందట. మాయ దగ్గర రక్తం సరిగ్గా అందక బిడ్డ పెరగడం నెమ్మదించిందట. ఇలాగే వదిలేస్తే తల్లికి ఫిట్స్ వస్తాయట, ఇద్దరికీ ప్రమాదమట.

"వాపు అందరికీ వచ్చేదే కదమ్మా?" అన్నాను. ముప్పై ఏళ్ళుగా నా దగ్గరున్న మాట అది. దాని సంగతి తేల్చుకోవాలనిపించింది.

"కాళ్ళ వాపు చాలామందికి వస్తుంది. కానీ మొహం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తగ్గని తలనొప్పి ఉన్నా, చూపులో తేడా వచ్చినా, డొక్కల కింద నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా అదే రోజు రావాలి. ఇచ్చిన తేదీ కోసం ఆగకూడదు."

"కాళ్ళకు ఆముదం రాస్తే?"

"చర్మం మెత్తబడుతుంది" అంది.

మా తోటికోడలు నా వైపు చూడలేదు. చూడకపోవడం ఆమె మర్యాద.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి భర్త, అత్తగారు వచ్చారు. భర్త గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అత్తగారు మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, "నా కోడల్ని బస్సులోంచి దింపేసింది మీరేనా?" అంది.

"మేమే."

"బొత్తాలు పట్టడం లేదంటే ఒళ్ళు చేశావని ఇంట్లో వెక్కిరించింది నేనే" అంది. తర్వాత నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఒక తూకం మనుషులమని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఫిట్స్ రాకుండా ఒక సూది, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి రోజు తేడాతో రెండు సూదులు ఇచ్చారు. బీపీ దిగితే ఇంకొన్నాళ్ళు ఆగుదామనుకున్నారు. దిగింది, మళ్ళీ ఎక్కింది. అయిదో రోజు పొద్దున ఇక ఆగడం మంచిది కాదని ఆపరేషను గదికి తీసుకుపోయారు. మేం కబురు విని పని ఆపేసి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల. కిలో నాలుగు వందలు. గాజు పెట్టెలో పెట్టారు.

లోపలికి అమ్మకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. మర్నాడు ఆ అమ్మాయిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి చూపించారు. మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. గాజు పెట్టెలో వేడి ఎక్కడి నుంచి వస్తుంది, పాలు ఎలా పడతారు, అంత చిన్న పిల్లకు గుడ్డలు ఎవరు కుడతారు, ఇవన్నీ అడగాలని నేను లెక్కవేసి పెట్టుకున్నాను. కుర్చీ బయటకు వచ్చింది. ఆ అమ్మాయి మొహం వాపు తీసి పాత రూపులోకి వస్తోంది. పెదవులు తడి ఆరిపోయి ఉన్నాయి.

నా కన్నా ముందు మా తోటికోడలు లేచింది.

"ఏడ్చిందా?" అంది.

"పుట్టగానే ఏడ్చిందట చిన్నమ్మా. పిల్లి కూత అంత. ఇప్పుడు నేను చెయ్యి పెడితే కూడా ఏడ్చింది."

"నువ్వు విన్నావా?"

"విన్నా."

కుర్చీని వార్డులోకి తోసుకుపోయారు. మా తోటికోడలు మళ్ళీ బల్ల మీద కూర్చుంది. గాజు తలుపు అవతల నుంచి ఏదైనా వినిపిస్తుందేమోనని అటే చెవి పెట్టింది. ఆ తలుపులోంచి ఏమీ వినపడదు. ఆ మాట చెప్పబోయి మానుకున్నాను. పక్కన కూర్చుని నేనూ అటే చెవి పెట్టాను. నేల తుడిచే ఆవిడ వచ్చి కాళ్ళు తియ్యమంటే ఇద్దరం కాళ్ళు పైకెత్తి పట్టుకున్నాం, ఆవిడ అవతలి గోడ దాకా తుడుచుకుంటూ పోయేవరకూ.